ఎనభై రెండు డిగ్రీల ఇంజనూ, రెండు గంపల చింతపండూ

నడిసముద్రంలో ఒక బోటును ఆపేసిన మహానుభావుణ్ణి నేను. తుపాను రాలేదు, రాయి తగల్లేదు, డీజిలు అయిపోలేదు. చక్కగా నడుస్తున్న ఇంజనును ఇంకా చక్కగా నడిపిస్తానని పూనుకుని ఆపేశాను. ఇలాంటి ఘనకార్యానికి మామూలు తెలివి చాలదండీ, డిప్లొమా ఉండాలి. నాకు ఉండేది.

ఎనభైల మొదట్లో మాట. కాకినాడలో మెకానికల్ చదివి, గోపాలపట్నంలో ఒక లారీల షెడ్డులో ఎనిమిది నెలలు పనిచేశాను. అక్కడ నేను సంపాదించిన జ్ఞానం మొత్తం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఇంజను ఎనభై డిగ్రీలు దాటి వేడిగా ఉంటేనే ఆరోగ్యం. అంతకన్నా చల్లగా నడిస్తే పొగ, డీజిలు దండగ, లోపల అరుగుదల. లారీల విషయంలో ఇది అక్షరాలా నిజం. లోకంలో లారీలు తప్ప ఇంకేమీ ఉండవని నాకు ఎవరు చెప్పారో మాత్రం గుర్తులేదు.

ఆ రోజుల్లో విశాఖపట్నంలో డిప్లొమా ఉన్న ప్రతివాడికీ ఒకటే యావ, ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం. నేనూ అప్లికేషను పడేశాను. మూడు నెలల్లో ఇంటర్వ్యూలంటున్నారు. ఇంజను మీద సొంతంగా పనిచేసినట్టు యజమాని చేత అనుభవపత్రం రాయించుకు రమ్మన్నారు. లారీ షెడ్డు మేస్త్రీని అడిగితే, "సొంతంగా టీ తాగడం తప్ప నువ్వేం చేశావయ్యా?" అన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

అప్పుడు గుర్తొచ్చారు నాయుడుగారు. చోడవరం వైపు చెరకు రైతు. ఆయన ట్రాక్టరు మా షెడ్డుకే వచ్చేది. ఎవరో చెప్పారని ఫిషింగ్ హార్బరులో ఒక మరబోటు కొన్నారు. చెరకు గురించి ఆయనకు తెలియంది లేదు. బోటు గురించి ఆయనకు తెలిసింది దాని రంగు ఒక్కటే. నాకు కావలసింది సరిగ్గా అలాంటి యజమానే.

"నాయుడుగారూ, మూడు నెలలు మీ బోటు ఇంజను మీద పనిచేస్తానండి. జీతం వద్దు. ఆఖర్న ఒక కాగితం రాసివ్వండి చాలు."

"ఏటని రాయాల?"

"నా వల్ల ఇంజను బాగుపడిందని."

"ఇప్పుడు బాగులేదేటి?"

"చూడకుండా ఎలా చెబుతానండీ?"

"సరే ఇంజినీరుబాబూ. బాగుపడితే రాస్తాను. బాగుపడకపోతే రాయను, తర్వాత నన్ననొద్దు" అన్నారు.

అర్థమైంది కదా నా పరిస్థితి. ఆ కాగితం లేకపోతే ఇంటర్వ్యూ లేదు, ఇంటర్వ్యూ లేకపోతే ఉద్యోగం లేదు. కాబట్టి ఇంజను బాగుపడి తీరాలి. బాగుపడాలంటే ముందు అందులో ఏదో ఒక జబ్బుండాలి. మర్నాడు పొద్దున్నే జబ్బు వెతుక్కుంటూ హార్బరుకు వెళ్ళాను.

ఆ బోటు డ్రైవరు గురన్న. నలభై అయిదేళ్ళుంటాయి, మాట నెమ్మది. ఇంజను గదిలోకి దిగి చూస్తే వేడి చూపించే మీటరు లేదు. ఉండాల్సిన చోట ఒక కన్నం, ఆ కన్నంలో గురన్న బీడీకట్ట ఉన్నాయి.

"మరి ఇంజను వేడి ఎలా తెలుస్తుంది గురన్నా?"

"సెయ్యెడితే తెల్దేటి బావు?"

చెయ్యి పెట్టి చూపించాడు కూడా. ఈ ఇంజనుకు లారీలాగా ముందు రేడియేటరు, అందులో మంచినీళ్ళు ఉండవు. ఒక పంపు బోటు అడుగునుంచి సముద్రపు నీళ్ళనే తోడి, ఇంజను చుట్టూ తిప్పి, ఒక గొట్టం ద్వారా పక్కనుంచి మళ్ళీ సముద్రంలోకే వదిలేస్తుంది. నీళ్ళు బయటికి పోయే ఆ గొట్టం మీద గురన్న అరచెయ్యి ఆనించి, మంత్రం చదివినట్టు మెల్లగా, "నూకరాజు, ఎల్లమ్మ, పోలమ్మ, అప్పలకొండ, సింహాద్రి" అని చెయ్యి తీసేశాడు.

"వీళ్ళెవరు?"

"నా పిల్లలు బావు. అయిదుగురి పేర్లూ పలికీదాకా సెయ్యి ఆగిందంటే ఇంజను బాగున్నట్టు. మూడో పేరుకే సురుక్కుమందంటే లోపలెక్కడో నీలు అడ్డుపడి వేడెక్కినట్టు."

నాకు నవ్వాగలేదు. కాకినాడలో నాకు చెప్పిన ఏ పుస్తకంలోనూ ఉష్ణోగ్రతను సంతానంతో కొలవలేదు.

"మరి ఆరో బిడ్డ పుడితే ఇంజనును ఇంకా చల్లబరుస్తావా గురన్నా?"

"ఆరోది పుడితే నానే సల్లబడిపోతాను బావు."

నా సంచిలోంచి థర్మామీటరు తీసి గొట్టానికి కట్టాను. యాభై అయిదు. కాసేపాగి చూస్తే యాభై ఏడు. నా ఆనందం చెప్పలేను. వైద్యుడికి రోగి దొరికాడు. ఎనభై దాకా ఉండాల్సిన ఇంజను యాభై అయిదులో వణుకుతోంది పాపం, ఇన్నేళ్ళూ దాని గోడు విన్నవాడు లేడు.

కారణం కూడా చిటికెలో పట్టేశాను. ఇంజనులో థర్మోస్టాటని ఒక చిన్న ఇత్తడి డబ్బా ఉంటుంది. నీళ్ళు ఒక మేరకు వేడెక్కేదాకా అది దారి మూసి ఉంచుతుంది, వేడెక్కాక తెరుస్తుంది. ఈ బోటులో ఉన్నది యాభైకే తెరుచుకుంటోంది. ఎనభై రెండుకి తెరుచుకునే లారీ థర్మోస్టాటు కొత్తది నా సంచిలోనే ఉంది. విధి అంటే ఇదే అనుకున్నాను.

"అది మారిస్తే ఉప్పు కట్టీస్తాది బావు" అన్నాడు గురన్న.

"ఏం కడుతుంది?"

"ఇది సంద్రం నీలు కదా. బాగా కాగితే లోపల ఉప్పు పేరుకుపోతాది. ఇంజను ఉప్పుమడి అయిపోతాది."

నేను పెద్ద మనసుతో నవ్వాను. "చూడు గురన్నా, నీరు మరగాలంటే నూరు డిగ్రీలు కావాలి. మరిగితే గాని ఉప్పు మిగలదు. నేను పెడుతున్నది ఎనభై రెండు. ఇంకా పద్దెనిమిది డిగ్రీలు చేతిలో ఉన్నాయి."

గురన్న బీడీ ముట్టించాడు. "అయితే ఆ భీమిలికాడ ఉప్పుమడుల్లో నూరు డిగ్రీలుంటాదేటి బావు?"

పాఠకులారా, ఈ ప్రశ్నకు ఒక క్షణం నా బుర్ర ఆగిపోయింది. ఆగిన బుర్రతో నిజాయితీగా, "అవును సుమీ" అనేస్తే ఈ కథ ఇక్కడితో సుఖాంతం అయ్యేది. కానీ డిప్లొమా ఊరుకోదు. నేను వెంటనే ఇంగ్లీషులోకి దిగిపోయాను. రెండు నిమిషాలు మాట్లాడాను. ఏం మాట్లాడానో నాకూ అర్థం కాలేదు. గురన్నకు అసలే అర్థం కాలేదు, కాబట్టి వాదనలో నేనే నెగ్గాను.

అంతటితో ఆగానా? లేదు. నాయుడుగారికి రెండు పేజీల నివేదిక సమర్పించాను. "డ్రైవరుకు ఇంజను వేడి గురించి శాస్త్రీయమైన అవగాహన లేదు. ఇంజను బాగుపడాలంటే అతణ్ణి దానికి దూరంగా ఉంచడం మంచిది." నాయుడుగారు రెండు పేజీలనూ గౌరవంగా రెండు చేతులతో పట్టుకుని, గురన్నను వల లాగే పనికి మార్చేశారు. చుక్కాని బోటులో పనిచేసే ఒక కళాసీకి ఇచ్చారు. ఇంజను నాకు దక్కింది. తొమ్మిదేళ్ళు ఆ ఇంజనును సాకిన మనిషి బీడీకట్ట తీసుకుని, నా వైపు చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నాకప్పుడు సిగ్గు వేయాల్సింది. వేయలేదు, కన్నంలో మీటరు బిగించుకునే తొందరలో ఉన్నాను.

మొదటి రెండు వారాలూ నా పేరు హార్బరంతా మోగిపోయింది. ముఖ్యంగా నేనే మోగించాను. పొగ తగ్గింది, డీజిలు కాస్త మిగిలింది, మీటరు ముల్లు ఎనభై రెండు దగ్గర బుద్ధిగా నిలబడింది. జెట్టీ మీద టీ కొట్టు దగ్గర కూర్చుని పక్క బోట్ల డ్రైవర్లకు ఉచితంగా ఉపన్యాసాలిచ్చాను. వాళ్ళు శ్రద్ధగా విని, నా చేత టీ ఇప్పించుకుని, ఒక్కరూ ఏమీ మార్చకుండా వెళ్ళిపోయారు. జనానికి విజ్ఞానం మీద గౌరవం లేదనుకున్నాను.

నాలుగో వారంలో ముల్లు ఎనభై అయిదుకు వచ్చింది. ఆరో వారానికి ఎనభై తొమ్మిది. బుద్ధున్నవాడెవడైనా ఇక్కడ కంగారు పడతాడు. నేను నోటుబుక్కులో, "ఇంజను ఆరోగ్యం నానాటికీ మెరుగవుతున్నది" అని రాసి కింద గీత గీశాను. తొంభై రెండు వచ్చిన రోజు ఆ గీత కింద ఇంకో గీత గీశాను.

ఇంటర్వ్యూ ఇంక పది రోజులుందనగా నాయుడుగారికి కబురు పెట్టాను. వచ్చి చూసుకుని కాగితం రాసివ్వమన్నాను. ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని, జేబులో పెన్ను పెట్టుకుని మరీ వచ్చారు. "ఒక్కసారి నీ ఇంజను నడక సూసి, సంద్రం మీదే సంతకం పెట్టీస్తానురా బాబూ" అన్నారు. తెల్లవారకముందే బయల్దేరాం. బోటు కాస్త ఊగేసరికి నాయుడుగారు కళ్ళు మూసుకుని ఒక తాడు పట్టుకున్నారు. ఆ తాడు మళ్ళీ జెట్టీ వచ్చేదాకా వదల్లేదు.

ఎండెక్కేసరికి వల నిండా రొయ్యలు పడ్డాయి. దూరంగా ఒడ్డున యారాడ కొండ చిన్న గుట్టలా కనిపిస్తోంది. ఇంటిముఖం పట్టి ఇంజను జోరు పెంచాను. ముల్లు తొంభై అయిదు దాటింది, నూరు దాటింది. ఆ తర్వాత అంకెలు లేవు కాబట్టి ముల్లు అక్కడే ఆగింది, లేకపోతే ఇంకెంత దూరం వెళ్ళేదో. కాలిన వాసన వచ్చింది. డబడబమని లోపల ఎవరో తలుపు బాదుతున్నట్టు చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. గొట్టంలోంచి గుప్పెడు ఆవిరి వచ్చి, అదీ ఆగింది.

"ఏటైంది ఇంజినీరుబాబూ?" నాయుడుగారు కళ్ళు తెరవకుండానే అడిగారు.

"ఏం లేదండి. ఇంజను విశ్రాంతి తీసుకుంటోంది."

"దాన్ని ఎవరు తీసుకోమన్నారు?"

నేను ఇంజను చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాను. నాయుడుగారు గొంతు పెంచారు. "గురన్నా, ఓపాలి సూడు."

గురన్న వల మడుస్తూనే, "నాకేటి తెలుసు బాబూ? నాను వలకాడ మనిసిని. శాస్త్రీయం బాబునడగండి" అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతుందని కొంత, సముద్రం మధ్య చస్తామని ఎక్కువ. దగ్గరికి వెళ్ళి, "గురన్నగారూ, తప్పయిపోయింది. మీరు రండి" అన్నాను. గారూ, మీరూ అని నేను అతణ్ణి అనడం అదే మొదలు. కళాసీలు పని ఆపి మరీ విన్నారు.

గురన్న దిగి వచ్చి గొట్టం మీద అరచెయ్యి పెట్టాడు, పెట్టినంత వేగంగా తీసేశాడు. "పెద్దోడి పేరే సగంలో తెగిపోనాది బావు" అన్నాడు.

గంటసేపు ఇంజనును ఆరనిచ్చి మూత విప్పాడు. లోపల నీళ్ళు పోవాల్సిన దారులన్నీ తెల్లగా, గట్టిగా, గోడకు సున్నం కొట్టినట్టు పూడుకుపోయాయి. నా ఇత్తడి డబ్బా ఆ తెల్లదనంలో సమాధి అయిపోయింది. గురన్న ఒక పెంకు ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు.

"రుసి సూడు బావు."

నాలుక మీద పెట్టుకున్నాను.

"ఉప్పేనా?"

"ఉప్పగా లేదండి. సున్నంలా ఉంది."

"అయితే నువ్వు సెప్పిందే నిజం బావు. ఉప్పు కట్టనేదు. సున్నం కట్టింది." ముఖంలో నవ్వు జాడ లేకుండా అన్నాడు.

తర్వాత తెలుసుకున్న సంగతి మీకూ చెబుతాను, మీరైనా బాగుపడండి. సముద్రపు నీటితో నేరుగా చల్లబడే ఇంజను యాభై అయిదు, అరవై దగ్గరే నడవాలి. అది దాటితే నీటిలోని సున్నంలాంటివన్నీ లోపలి గోడలకు అంటుకుంటాయి. మరగనక్కర్లేదు. మంచినీళ్ళతో నడిచే లారీకి ఆ బాధ లేదు, అందుకే దానికి ఎనభై. అంటే ఇంజను మొదట్లో వణకడం లేదు. ఉండాల్సిన వేడిలోనే ఉంది. ఆ వేడి అయిదుగురు పిల్లల పేర్లకు సరిపోతుందని గురన్నకు తెలుసు, నాకు తెలియదు.

థర్మోస్టాటు పీకేసి, దొరికినంత మేర ఇనపచువ్వతో గీకి, పది నిమిషాలు నడిపి పావుగంట ఆపుతూ వెనక్కి తెచ్చాడు గురన్న. ఎండకు ఐసు కరిగిపోయింది, రొయ్యలు కంపు కొట్టాయి. దారిలో ఎదురైన బోట్లవాళ్ళు ఊరుకున్నారా?

"ఏటి బావా, సల్లగాలికి తిరుగుతన్నారేటి?"

"నేదు బావా. మా ఇంజినీరుబాబు ఇంజనుకి జొరం తెప్పించినాడు. ఆస్పత్రికి తీసుకెల్తన్నాం" అని చుక్కాని దగ్గర కళాసీ ప్రతి బోటుకూ ఓపిగ్గా చెప్పాడు.

మర్నాడు వైద్యం. లోపల పట్టిన సున్నాన్ని పులుపు కరిగిస్తుందట. గురన్న రెండు గంపల చింతపండు తెప్పించి, జెట్టీ మీద ఒక పీపాలో వేడినీళ్ళు పోసి, "పిసుకు బావు" అన్నాడు. ఇంకేం పని నాకు నమ్మి అప్పగించలేనన్నట్టు చూశాడు. మోచేతుల దాకా ముంచి పిసికాను. పీచు తీశాను, గింజలు ఏరాను. ఆ చిక్కటి రసాన్ని కాచి ఇంజను లోపల నింపడం, నానాక తోడెయ్యడం, మళ్ళీ కొత్తది నింపడం. ఇలా రెండు రోజులు.

అదే సమయానికి చేపలు కొనే ఆడవాళ్ళు గంపలతో వచ్చేవారు. పీపా చుట్టూ నిలబడిపోయారు.

"ఏటి బావు, ఎన్ని సేపలకి పులుసు?"

"చేపలకు కాదమ్మా, ఇంజనుకు."

"ఓలమ్మా, ఇంజను కూరొండుతన్నాడే ఈ బాబు. బెల్లం ముక్క ఎయ్యి బావు, రుసొస్తాది."

"ఇంజను బాగా ఉడకనియ్ బావు, ముల్లు గుచ్చుకుంటాది" అంది ఇంకొకావిడ. నా చేతులు వారం రోజులు చింతపండు రంగులోనే ఉన్నాయి.

మూడో రోజు గురన్న ఇంజను తిప్పాడు. గొట్టంలోంచి నీళ్ళు ఎర్రగా, తర్వాత మడ్డిగా, తర్వాత తేటగా వచ్చాయి. ఇంజను బతికింది. నా కాగితం మాత్రం చచ్చిందనుకుని నా సంచి సర్దుకుంటున్నాను. నాయుడుగారు పిలిచారు.

"ఇంజను బాగుపడితే రాస్తానన్నాను కదేటి. ఇప్పుడు బాగుపడింది. రాసుకో, సంతకం పెడతాను. గాని రాసింది గురన్న ఇనాల. ఆడు సరేనంటేనే."

సిగ్గు చంపుకుని రాశాను. గురన్నకు చదివి వినిపించాను. "ఈయన మా బోటు ఇంజనును మెరుగుపరిచారు…"

"అది కొట్టీయ్ బావు."

కొట్టేశాను. "ఈయనకు ఇంజన్ల గురించి లోతైన అవగాహన ఉన్నది…"

"అదీ కొట్టీయ్."

కొట్టేశాను. కాగితం మీద నా పేరు, తేదీ మిగిలాయి. గురన్న బీడీ ఆర్పి, "ఇప్పుడు నాను సెప్తాను, రాయి" అన్నాడు. అతను చెప్పింది చెప్పినట్టు రాశాను. "ఈ బాబు తెలీక మా ఇంజను పాడుసేసినాడు. పాడుసేసి పారిపోనేదు. రెండ్రోజులు అందరూ నవ్వుతుంటే తలొంచుకుని సింతపండు పిసికినాడు. పనికొస్తాడు." నాయుడుగారు సంతకం పెట్టారు. నేను కళ్ళు తుడుచుకున్నాను. చింతపండు చేతులతో తుడుచుకున్నానేమో, ఇంకో అరగంట వాటంతటవే కారాయి.

ఇంకో కాగితం లేదు కాబట్టి ఇంటర్వ్యూలో దాన్నే ఇచ్చాను. బల్లకు అవతల ముగ్గురు ఆఫీసర్లు. మధ్యలో పెద్దాయన చదివారు, పక్కవాళ్ళకు ఇచ్చారు, మళ్ళీ తీసుకుని చదివారు. నేను నేల చూపులు చూస్తున్నాను.

"ఎంత చింతపండు పట్టిందయ్యా?"

"రెండు గంపలండి."

"ఇక్కడ కట్టబోయే బట్టీలు ఎంతుంటాయో తెలుసా? అనకాపల్లి సంతంతా ఊడ్చి తెచ్చినా ఒక్క గొట్టానికి చాలదు. నడిపేవాణ్ణి అడక్కుండా ఇక్కడ దేన్నీ ముట్టుకోనని మాటిస్తేనే తీసుకుంటాను."

లేచి నిలబడి, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని ఇచ్చాను మాట. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు మీ అందరి సాక్షిగా ఆ ప్రతిజ్ఞ మళ్ళీ చేస్తున్నాను. సక్రమంగా నడుస్తున్న ఏ యంత్రాన్నీ, దాన్ని నడిపేవారి అనుమతి లేకుండా, ఈ జన్మలో బాగుచేయను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ మాట తప్పలేదు, ఇంట్లో అసలే తప్పలేదు. కుక్కరు ఎన్ని కూతలకు దించాలో, ఫ్యాను ఎంతలో తిరగాలో, బిందె ఎంతవరకు నింపాలో అన్నీ మా ఆవిణ్ణి అడిగి, ఆవిడ చెప్పాకే చేస్తాను. చాలాసార్లు అడిగేలోపు ఆవిడే చేసేసుకుంటుంది. ఇంత నిష్ఠ ఎక్కడైనా చూశావా అంటే, "మాట నిలబెట్టుకోవడం మీ వంతు, పని చెయ్యడం నా వంతు. ఆ ఆఫీసరుగారు నన్ను కూడా పిలిచి అడిగి ఉంటే బాగుండేది" అంటుంది.